మూడు వానలు చూసిన మొక్క

మా కాలనీ మాలి పెద్దయ్య పోయాడు. ఆ కబురు ఆదివారం పొద్దున మా గేటు దగ్గర, అడ్డాకు విస్తర్లు అమ్మే ఆమె నోట విన్నాను. ఆమెది ఆయన ఊరే. గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, "మీ మాలి పెద్దయ్య పోయిండు టీచరమ్మా, మొన్న బుధారం. జరం లేదు, దవాఖానా లేదు. అంబలి తాగి పండుకున్నడు, మల్ల లేవలే" అన్నది. ఆ రోజు నేను విస్తర్లు కొన్నానో లేదో గుర్తు లేదు. ఆమె వెళ్ళిపోయాక గేటు పట్టుకుని మా తంగేడు కంచె వైపు చూస్తూ నిలబడిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగిన మాట నిజమే. కానీ ఏడుపు కంటే ముందు గర్వం వచ్చింది. ఆ మనిషిని నేను ఎరుగుదును, ఆయనతో కొట్లాడాను, ఓడిపోయాను అన్న గర్వం.

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి అంచున, ఒక చిన్న ఫ్యాక్టరీ కోసం కట్టిన కాలనీ మాది. వంద గడప కూడా ఉండదు. నేను కారేపల్లి వైపు రైతుబిడ్డను. పెళ్ళయిన కొత్తలో, ఎనభైల మొదట్లో, ఇక్కడి బడిలో సైన్సు టీచరుగా చేరాను. పెద్దయ్య అప్పటికే మాలి. డెబ్బైలలో కాలనీకి పునాదులు తవ్వేటప్పుడు కూలికి వచ్చి, తర్వాత తోటపనిలో కుదురుకున్నాడట. ఊరు అడవిలో, కాలినడకన రెండు గంటల దారి. ఇంట్లో కోయభాష, మాతో తెలుగు. ఎవరినీ 'మీరు' అనేవాడు కాదు. ఆఫీసరూ నువ్వే, నేనూ నువ్వే, పాకే పిల్లలూ నువ్వే. మొదట్లో నాకు అది చురుక్కుమనేది. ఆ పిలుపులో తక్కువచేయడం లేదని, ఆయన ఊళ్ళో మర్యాదే అంతని తెలుసుకోవడానికి ఏడాది పట్టింది.

నాకు ఇచ్చిన క్వార్టరు ముందు నిలువెత్తు పూలకంచె ఉండేది. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగులు. పుస్తకంలో దాని పేరు లాంటానా. మా వైపు తలంబ్రాల చెట్టు అంటారు. భద్రాచలం దారిలో ఇల్లు, ఇంటి ముందు తలంబ్రాల చెట్టు, లోపల కొత్త పెళ్ళికూతురు. ఇక నా సంబరం చెప్పాలా. మా అమ్మకు ఉత్తరం రాస్తే సగం ఉత్తరం ఆ కంచె గురించే ఉండేది.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కంచె లేదు. మొదలంటా తవ్వి, చెట్లను తలకిందులుగా వరసపెట్టి బోర్లించి ఉంది. వేర్లు ఆకాశానికి, పూలు మట్టికి. పక్కన పెద్దయ్య గునపం ఒళ్ళో పెట్టుకుని చుట్ట ముట్టించుకుంటున్నాడు.

"ఏంది పెద్దయ్యా ఇది? ఎవర్నడిగి పీకినవ్?" అన్నాను. నాది ముక్కు మీద కోపం, ఆ రోజు అది ముక్కు దాటి వచ్చింది.

"పెట్టినోణ్ణి అడిగిన."

"ఎవరా పెట్టినోడు?"

"నేనే. పీకుమన్నడు."

నేను తిన్నగా తోటలు చూసే ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నెమ్మదస్తుడు. పెద్దయ్యను పిలిపించి, "సరే పీకినవ్, దాని జాగల ఏం పెడ్తవ్?" అని అడిగాడు.

"ఇంకా తెల్వది. మూడు వానలు చూడాలె."

"మూడేండ్లా? అప్పటిదాకా టీచరమ్మ ఇంటి ముందు?"

"వెదురు దడి కడ్త."

అన్నట్టే కట్టాడు. కాలనీలో అందరి ఇళ్ళ ముందూ పూలు, నా ఇంటి ముందు మేకల దొడ్డికి కట్టినట్టు వెదురు దడి. తర్వాత ఒక్కొక్క ఇంటిదే పీకుతూ పోయాడు గానీ, మొట్టమొదటి దడి నాకే దక్కింది. నాలుగు నెలలు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడటం లేదని ఆయనకు తెలిసిందో లేదో కూడా నాకు తెలియదు, ఎందుకంటే ఆయనే మాట్లాడే మనిషి కాదు.

తప్పు పట్టాలనే ఒకరోజు పంపుహౌసు వెనక్కి వెళ్ళాను. అక్కడే ఆయన మొక్కలు పెంచుతాడని విన్నాను. వెళ్ళి చూస్తే నూనె డబ్బాలు, ఓటి కుండలు, అడుగు పోయిన బకెట్లు. ఒక్కో దాంట్లో ఒక్కో మొక్క. కొన్నింటిలో మట్టి మీద ఒక తెల్లరాయి, కొన్నింటిలో రెండు. వానాకాలం మొదలైనప్పుడల్లా డబ్బాకు ఒక రాయి వేస్తాడట. చదువు రాని మనిషి పెట్టుకున్న లెక్క అది. పక్కన కట్టుకొయ్యకు ఒక మేక. దానికి ఒక్కో మొక్కదీ నాలుగాకులు పెట్టి, మూతి తిప్పుకుంటుందో, నములుతుందో, నమిలితే మర్నాడు ఎట్లా ఉంటుందో చూస్తాడు. కంచెకు మేక తిననిది కావాలి. అట్లాగని ఆకలితో తిన్న గొడ్డును చంపేది ఉండకూడదు. కొమ్మ విరిచి తడి నేల మీద పడేసి, ఎవరూ నాటకుండానే వేరు పోసుకుంటుందేమో చూస్తాడు. పోసుకుంటే ఆ మొక్క పని అంతటితో సరి.

"గింతదానికి మూడేండ్లు ఎందుకు పెద్దయ్యా?" అన్నాను.

ఆయన లేచి, రమ్మని సైగ చేసి, కాలనీ గోడ పక్కన కరెంటు తీగల కిందికి తీసుకుపోయాడు. గొంతుకూర్చుని గడ్డి పాయ తీసి చూపించాడు. వేలెడంత మొలకలు, గీత గీసినట్టు వరసగా, తీగ ఎంత దూరం పోతే అంత దూరం. దాదాపు అన్నీ తలంబ్రాలే.

"పైన పిగిలిపిట్ట కూసుంటది. దాని రెట్ట కింద పడ్తది. ఏం తిని వచ్చిందో ఈడ మొలుస్తది. మనిషి దాస్తడు గని, పిట్ట దాయది టీచరమ్మా. మొదటి వానకు మొక్క సిగ్గుపడ్తది. రెండో వానకు కాయ కాస్తది. మూడో వానకు దాని పిల్లలు ఏడేడ తేల్తయో తీగ కింద చూసుకోవాలె."

నేను బాటనీ చదువుకున్నాను. విత్తనాలు పక్షుల ద్వారా వ్యాపిస్తాయని రాసి మార్కులు తెచ్చుకున్నాను. అదే మాట పిల్లలతో ఏటా వల్లె వేయిస్తాను. తల ఎత్తి తీగనూ, తల దించి నేలనూ ఒక్కసారి కలిపి చూసిన పాపాన పోలేదు. ఆ పూట తల కొట్టేసినట్టయింది. మర్నాడు మా తొమ్మిదో తరగతి పిల్లలను వరసగా తీసుకుపోయి తీగ కింద కూర్చోబెట్టాను. పాఠం పెద్దయ్యే చెప్పాడు.

అయినా నా అహం ఒక్కసారికి చచ్చేది కాదు. ఆ ఎండాకాలం ఖమ్మం నర్సరీ నుంచి నేలతీగ ఒకటి తెచ్చాను. నిగనిగలాడే ఆకులు, పసుప్పచ్చని పూలు. "ఇది పెట్టు పెద్దయ్యా, చూడు ఎంత ముచ్చటగున్నదో. దీనికి పరీక్షలేం అక్కర్లేదు" అన్నాను.

"ముచ్చటగున్నదాన్నే ముందు చూడాలె" అని డబ్బాలో పెట్టి, వానలు మొదలుకాగానే తెల్లరాయి వేశాడు.

రెండో వానాకాలం నడిమధ్యలో నన్ను పిలిచాడు. పంపుహౌసు నుంచి నీళ్ళు పోయే కాలువ చూపించాడు. డబ్బా లోంచి ఎప్పుడో విరిగి పడ్డ ముక్క కాలువ అంచు పట్టుకుని, నీళ్ళు పోయినంత మేరా పరుచుకుని పసుపు పూలు పూసింది. ఒక్క గడ్డిపరకకు కూడా చోటు మిగల్చలేదు. ఆయన 'నేను చెప్పలేదా' అనలేదు. ఇంకో గునపం ఉంటే నాకిచ్చాడు, అంతే. ఆ కాలువ శుభ్రం చేయడానికి ఇద్దరికీ రెండు ఆదివారాలు పట్టింది.

మొక్కను ఎంచుకునేటప్పుడు ఆయన అడిగే ప్రశ్న ఇంకొకటి ఉండేది. "దీనికి పండగున్నదా?" అని. వాళ్ళ ఊళ్ళో కొత్త మామిడికాయైనా, ఇప్పపువ్వైనా, చిక్కుడుకాయైనా పండగ చేసి దేవత ముందు పెట్టేదాకా ఎవరూ నోట పెట్టరు. పిల్లలు కూడా ఆగుతారు. "పండగున్నదంటే మా తాతలు దాన్ని ఎరుగుదురు. ఎప్పుడు తెంపాలె, ఎప్పుడు ఆగాలె, అన్ని ఎర్కున్నట్టు. పండగ లేనిది చుట్టం కాదు, దారినపోయేటోడు. అరుగు మీద కూసోబెట్టు, మంచినీళ్ళియ్యి. ఇంట్లకు మాత్రం తోలకు" అనేవాడు.

ఆయన డబ్బాల్లో తంగేడు కనబడితే నాకు వాదం దొరికింది. "తంగేడుకు మీ ఊళ్ళె పండగేడున్నది?" అన్నాను.

"మా ఊళ్ళె లేదు. మీకున్నది గద, బతుకమ్మ."

మూడు తెల్లరాళ్ళు పడ్డాక నా ఇంటి ముందు దడి పోయి తంగేడు కంచె వచ్చింది. ఆ ఏడు బతుకమ్మకు మా కాలనీ ఆడవాళ్ళం గుట్టల మీదికి పోలేదు. నా గేటు ముందు నిలబడి ఒడి నిండా కోసుకున్నాం. ఒక్క కొమ్మ ఉంచమని నేను మొత్తుకోవాల్సి వచ్చింది. పెద్దయ్య దూరం నుంచి చూస్తూ చుట్ట తాగుతున్నాడు. ఆయన నవ్వడం నేను చూసింది తక్కువ, ఆ పూట చూశాను.

తర్వాత ఒక్కొక్క వీధే మారింది. అడ్డసరం, వావిలి కంచెలు వచ్చాయి. దగ్గొచ్చినా, కీళ్ళు పట్టేసినా అందరూ వాటి ఆకుకే పరుగెత్తేవాళ్ళు. బడి గోడ పక్కన పారిజాతాలు, రోడ్డు వెంట రేల చెట్లు. ఎండాకాలంలో రేల పూస్తే భద్రాచలం బస్సులు మా గేటు దగ్గర కొంచెం మెల్లగా పోయేవి. డ్రైవర్లను అడిగితే గుంటలున్నాయమ్మా అనేవాళ్ళు. గుంటలు లేవు.

ఇన్ని మంచి మొక్కలు, ఇంత జల్దీ, అన్నీ నిలువెత్తు పెరిగినవి మాకు ఎక్కడి నుంచి వస్తున్నాయో నేను చాలాకాలం ఆలోచించలేదు. తెలిసింది ఒక ఎండాకాలం. సెలవు రోజున ఆయన గునపం భుజాన వేసుకుని అడవి దారి పట్టడం చూసి, "ఈ ఎండల గునపం ఎందుకు పెద్దయ్యా, ఇల్లు కడుతున్నవా?" అని పరాచికమాడాను. ఆయన గునపం దించి, గోడ నీడన కూర్చుని చెప్పాడు. అంతసేపు ఆయన మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

కాలనీ కొత్తలో తలంబ్రాల కంచెలు పెట్టినప్పుడు ఆయన పడుచువాడు. కత్తిరించిన కొమ్మలు పారేయబుద్ధి కాక, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని ఊరికి మోసుకుపోయాడు. వాళ్ళక్క చేను చుట్టూ నాటాడు. మేక దూరలేదు, పంది దూరలేదు, పైగా పువ్వులు. ఊరంతా మెచ్చుకుంది. ఇంటికో మోపు తెచ్చి ఇచ్చాడు. కొన్నేళ్ళలో పిట్టలు దాన్ని గుట్ట మీదికి ఎక్కించాయి. ఊరి గొడ్లు మేసే వాలు అంతా తలంబ్రాల పొద అయింది, గడ్డి చచ్చింది. ఊళ్ళో మంట పెట్టి చూశారు. కాలిన మోడు నుంచి వానకు రెండింతలు లేచింది. వానలు పడని ఒక ఏడు, వేరే మేత లేక, అక్క ఎద్దు ఆ ఆకే మేసింది. కళ్ళు పచ్చబడి, ఎండలో నిలబడలేక, తోలు పగిలి చచ్చిపోయింది. మిగిలిన ఒంటెద్దుతో ఆ ఏడు ఆమె చేను దున్నలేకపోయింది.

ఊరు కూర్చుని మాట్లాడింది. తమ్ముడు కదా అని అక్క వెనకేసుకు రాలేదు. తీర్పు ఆమే చెప్పింది. "రా, తిను, పండు. నీ ఇల్లే. గని నీ చేతుల ఆకు పట్టుకొని ఈ పొలిమేర దాటకు."

"గప్పటి సంది దాటలే" అన్నాడు పెద్దయ్య. ఊరి ముందున్న వాగులో పంచె దులిపి, అంటుకున్న గింజలు ఏరి, చేతులు కడుక్కుని గానీ వాగు దాటడట. "పెట్టొద్దన్నరు గని, పీకొద్దనలే. అందుకే పోయి పీకుత."

పీకిన చోట ఖాళీగా ఉంటే వానకు మళ్ళీ అదే మొలుస్తుంది. అక్కడ వేరే మొక్క వేసి, గడ్డి రానిచ్చి, నీడ పడేట్టు చేస్తేనే అది అణుగుతుంది. అందుకోసమే పంపుహౌసు వెనక ఏటా ఆ వాలుకు సరిపడా మొక్కలు పెంచేవాడు. ఏటా వానాకాలం ముందు అక్కను అడిగేవాడు. ఏటా ఆమె వద్దనేది. అవి డబ్బాల్లో ఇమడనంత పెరిగిపోయాక తెచ్చి మా ఇళ్ళ ముందు నాటేవాడు. మా కాలనీ అందమంతా ఆ ఊరు కాదన్న మొక్కలదే. చూడవచ్చిన వాళ్ళ దగ్గర మా కాలనీ అంటూ ఎగిరెగిరి పడ్డదాన్ని, ఆ రోజు గోడ నీడన తల దించుకున్నాను.

"కోపం రాదా పెద్దయ్యా నీకు, మీ అక్క మీద?" అన్నాను చివరికి.

"ఆమె మూడు వానలు చూస్తున్నది, నా లెక్కనే" అన్నాడు. "నాకు కొంచెం ఎక్కువ వానలు పడ్తున్నయి, గంతే."

ఆ ఎక్కువ వానలు పదేళ్ళ దాకా పడ్డాయి. తొంభైలు వచ్చాక, ఒక జ్యేష్ఠమాసపు ఆదివారం, ఏడెనిమిది మంది ఆడవాళ్ళు అడవి దారిన నడిచి కాలనీ గేటు దగ్గరికి వచ్చారు. అందరి చంకల్లో ఖాళీ గంపలు. ముందు నడుస్తున్న ముసలామె ముఖం చూడగానే ఎవరో తెలిసిపోయింది, అదే గడ్డం, అదే మాట్లాడని నోరు. విస్తర్లామె వాళ్ళలోనే ఉంది. పెద్దయ్య అక్క అని నా చెవిలో చెప్పింది.

పెద్దయ్యకు కబురు పోయి వచ్చేలోపు ఆమె పని మొదలుపెట్టింది. ఇల్లిల్లూ తిరిగింది. ఆకు తుంపి, నలిపి, వాసన చూసింది. కాయలు చిదిమి గింజలు లెక్కపెట్టింది. నా కంచె దగ్గరికి వచ్చినప్పుడు నేను పరీక్ష గదిలో కూర్చున్న పిల్లలా నిలబడ్డాను. "ఎన్నేండ్లాయె ఇది పెట్టి?" అంది. చెప్పాను. "ఇంటి వెనకకు పోయిందా? గోడ దాటిందా?" దాటలేదన్నాను. ఆమె నా మాట నమ్మలేదు. గోడ దాటి కరెంటు తీగల కిందికి పోయి, తమ్ముడిలాగే గొంతుకూర్చుని గడ్డి పాయలు తీసి చూసింది. తీగ పొడుగునా, ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఎండలో, అట్లా జరుగుతూనే పోయింది. అప్పటికి పెద్దయ్య వచ్చి దూరంగా నిలబడ్డాడు. చుట్ట చేతిలో ఉంది, ముట్టించలేదు. మనిషి అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు. నాకూ అదే భయం, ఎక్కడో ఒక్క మొలక కనబడితే పదేళ్ళు మట్టి అయిపోతాయని.

ఆమె లేచి నడుం సరిచేసుకుంది. తమ్ముణ్ణి కాదు, తనతో వచ్చిన ఆడవాళ్ళను చూసి అంది.

"ఎత్తుండ్రి."

పంపుహౌసు వెనక డబ్బాలన్నీ గంపల్లోకి ఎక్కాయి. చాలవని మా ఇళ్ళ నుంచి గంపలు, తట్టలు తెచ్చాం. మేమూ నలుగురం తోడు బయల్దేరాం, ఆఫీసరు కూడా ఒక బకెట్టు పట్టుకున్నాడు. దారిలోనే సన్నగా వాన మొదలైంది. నెత్తిన మొక్కలు పెట్టుకుని వరసగా నడుస్తుంటే అడవే కొంచెం లేచి నడిచిపోతున్నట్టుంది. పెద్దయ్య అందరికంటే వెనక నడుస్తున్నాడు. ఎవరి గంపైనా ఒరిగితే సర్దమని చెబుతున్నాడు గానీ తను మాత్రం ఒక్క ఆకు ముట్టలేదు.

వాగు దగ్గరికి వచ్చేసరికి ముందున్న అక్క ఆగింది. ఆమె ఆగితే అందరం ఆగాం. ఆమె వరస పొడుగునా వెనక్కి నడిచి, నా చేతిలోని రేల మొక్క డబ్బా తీసుకుని, తమ్ముడి దగ్గరికి పోయి చేతుల్లో పెట్టింది. వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమన్నదని విస్తర్లామెను అడిగాను.

"నువ్వు ముందు నడువు, నీ వెనక మేం వస్తం, అన్నది."

పెద్దయ్య కదలలేదు. రెండోసారి ఆమె చెయ్యి వీపు మీద వేసి చిన్నగా తోసింది. అప్పుడు వాగులో అడుగు పెట్టాడు. మోకాళ్ళ లోతు ఎర్రనీళ్ళు, పైన వాన, గుండెకు ఆనించుకున్న డబ్బాలో జానెడు రేల మొక్క. వెనుదిరిగి చూడలేదు. ఆయన ఆ గట్టు ఎక్కి, ఊరి నేల మీద మొక్కతో నిలబడేదాకా, నెత్తిన గంపలతో వరసంతా ఈ గట్టు మీద వానలో తడుస్తూ నిలబడింది.